వెంపలిని పిచ్చిమొక్క అనకండి

కాలువలు కట్టేసి పదిహేను రోజులైంది. మే నెల మొదటి వారం. ఎండ ఎక్కకముందే చేను చూసి వద్దామని వెళ్ళాను. మా పక్క చేను కౌలుకు చేసే కుర్రాడు వీపుకు స్ప్రేయర్ తగిలించుకుని గట్ల మీద గడ్డి మందు కొడుతున్నాడు. తన గట్లు అయిపోయి, మా రెండు చేలనూ ఆనుకుని ఉన్న పుంత (బండ్ల దారి) గట్టు మీదకు వచ్చాడు. ఆ గట్టు మీద ఓ ఇరవై గజాల మేర వెంపలి ఉంది. చుట్టూ గడ్డి ఎండి నారలా అయిపోయినా అది మాత్రం బూడిద పచ్చగా నిలబడి ఉంది.

“ఇక్కడ కొట్టకు నాన్నా” అన్నాను.

“ఏముందండి పిన్నిగారూ ఇక్కడ? అన్నీ పిచ్చిమొక్కలే కదండి” అన్నాడు. మర్యాదగానే అన్నాడు, మందు కొట్టడం కూడా ఆపాడు.

అతన్ని తప్పు పట్టను. ముప్పై ఏళ్ళ కుర్రాడు. బుద్ధెరిగాక వెంపలిని పనికొచ్చే మొక్కగా చూసిన మనిషి అతనికి ఎదురై ఉండరు. గట్టు నున్నగా ఉంటే మంచి రైతు, మొక్కా మోడూ ఉంటే బద్ధకస్తుడు అని ఊళ్ళో ఒక లెక్క పడిపోయింది. ఆ ఎండలో నిలబడి రెండు మాటల్లో తేల్చగలిగే సంగతి కాదు కాబట్టి కూర్చుని రాస్తున్నాను. గట్ల మీద, పుంతల పక్కన, కొబ్బరి తోటల్లో దానంతట అది మొలిచే వెంపలిని చంపడం మనకు నష్టం. చంపకుండా వదిలేస్తే సరిపోదు, గింజ దాచుకుని వేసుకోవాల్సిన మొక్క అది అని నా వాదన.

ముందు మొక్కను గుర్తుపట్టాలి. వెంపలి మోకాలెత్తు ఉంటుంది, బాగా పెరిగితే నడుం దాకా వస్తుంది. కలికాలం ముదిరితే మనుషులు వెంపలి చెట్లకు నిచ్చెనలు వేసుకుని ఎక్కుతారని మన పెద్దవాళ్ళు అనేవారు. ఆ మాట అందరికీ అర్థమైందంటే, వెంపలి ఎంత ఎత్తుంటుందో ఆ రోజుల్లో పిల్లాడికి కూడా తెలుసన్నమాట. ఇప్పుడు ఆ మాట చెబితే “వెంపలి అంటే ఏంటి?” అని అడుగుతున్నారు. ఒక్కో ఈనెకు రెండు పక్కలా చిన్న చిన్న ఆకులు, కొసన ఒంటరిగా ఒకటి. గులాబీ కలిసిన ఊదా రంగు పూలు, బఠాణీ పువ్వు ఆకారంలో, కానీ చాలా చిన్నవి. కాయ బల్లపరుపుగా, కొద్దిగా వంగి, కొన పైకి తిరిగి ఉంటుంది. లోపల ఐదారు గింజలు.

అనుమానం వస్తే ఒక పరీక్ష ఉంది. మా అత్తగారు నాకు నేర్పింది. ఒక చిట్టి ఆకు తీసుకుని, కొసను ఒక చేత్తో, తొడిమను ఇంకో చేత్తో పట్టుకుని మెల్లగా లాగండి. మామూలు ఆకైతే అడ్డదిడ్డంగా చిరుగుతుంది. వెంపలి ఆకు రెండు పక్కలా ఈనెల వెంబడి ఏటవాలుగా చిరిగి, బాణం వెనక ఈకలు కట్టినట్టు కోసుగా తెగుతుంది. ఎన్ని ఆకులు లాగినా అంతే. సంస్కృతంలో దీన్ని శరపుంఖ అన్నది అందుకే. శరం అంటే బాణం, పుంఖం అంటే దాని వెనక ఈకలున్న భాగం. శాస్త్రీయ నామం టెఫ్రోసియా పర్పూరియా. మొదటి మాట బూడిద రంగు అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చింది. ఆకు కింద సన్నటి నూగు ఉండడం వల్ల మొక్క దూరం నుంచి బూడిద చల్లినట్టే కనిపిస్తుంది. నేను పెళ్ళై తణుకు వైపు నుంచి కోనసీమకు వచ్చిన కొత్తలో, కొబ్బరి తోటలో నిలబెట్టి మా అత్తగారు నా చేత పది ఆకులు లాగించారు. పదీ బాణాల్లాగే తెగాయి.

ఈ వ్యాసానికి అసలు కారణం మా మేనల్లుడు. వాడు మూడేళ్ళు జపాన్‌లో ఉద్యోగం చేసి వచ్చాడు. ఫోన్‌లో అక్కడి పొలాల ఫోటోలు చూపించాడు. వసంతంలో, ఇంకా ఊడ్పులు మొదలవక ముందు, వరి మడులన్నీ ఊదా పూలతో తివాచీ పరిచినట్టు ఉన్నాయి. ఆ మొక్కను వాళ్ళు రెంగె అంటారట. ఇంగ్లీషులో చైనీస్ మిల్క్‌వెచ్, శాస్త్రీయంగా ఆస్ట్రాగలస్ సైనికస్. ఆస్ట్రాగలస్ ప్రపంచంలోని పూల మొక్కల్లో అన్నిటికంటే పెద్ద ప్రజాతి, దగ్గర దగ్గర 3,000 జాతులున్నాయి. వాటిని మేసిన మేకలు పాలు ఎక్కువిస్తాయన్న నమ్మకం వల్ల మిల్క్‌వెచ్ అన్న పేరొచ్చింది. అన్నీ మంచివని కాదు. అమెరికాలో కొన్ని జాతులు మేసిన పశువులకు పిచ్చెత్తినట్టు అవుతుంది. రెంగె మాత్రం మంచిదే. చైనా, జపాన్ రైతులు శతాబ్దాలుగా వరికి పచ్చిరొట్టగా, అంటే పచ్చిగానే మట్టిలో కలిపే ఎరువుగా, వాడుతున్నది.

వాళ్ళ పద్ధతి వింటుంటే నాకు ఒళ్ళు పులకరించింది. వరి ఇంకా కోతకు రాకముందే, శరదృతువులో, నిలబడి ఉన్న చేలోనే గింజ చల్లేస్తారు. కోత అయ్యేసరికి మొలక నేల పట్టుకుంటుంది. చలికాలమంతా మెల్లగా పెరిగి వసంతంలో పూస్తుంది. అప్పుడు దున్ని మట్టిలో కలిపేస్తారు. మన గోదావరి డెల్టాలో మినుము, పిల్లిపెసర వేసింది అచ్చం ఇలాగే కదా! సార్వా (వానాకాలపు వరి) కోతకు రెండు మూడు రోజుల ముందు, పదును మీదున్న చేలో గింజ జల్లడం మా మావగారి తరం వాళ్ళందరికీ తెలిసిన పనే. సముద్రాల అవతల మనలాంటి వరి రైతు మనలాగే ఆలోచించాడు. తేడా మొక్కలోనే. అక్కడా యూరియా వచ్చాక రెంగె చేలు బాగా తగ్గిపోయాయి. ఆ కథ కూడా మనదే.

మేనల్లుడికి ఆ మొక్కను ఇక్కడ పెంచాలని గట్టి పట్టుదల. ఆన్‌లైన్‌లో గింజలు తెప్పించాడు. చదువుకున్న పిల్లాడు కాబట్టి అన్నీ పద్ధతి ప్రకారమే చేశాడు. మిల్క్‌వెచ్ గింజ తోలు చాలా గట్టిది, నీళ్ళు లోపలికి పోనివ్వదు. అందుకని గింజల్ని గరుకు కాగితం మధ్య పెట్టి రుద్దాడు. రాత్రంతా నానబెట్టాడు. తల్లివేరు లోతుకు పోయే మొక్క, నారు పీకి నాటితే బతకదని తెలుసుకుని తిన్నగా మడిలోనే వేశాడు. కార్తీక మాసంలో ఇంటి వెనక మడిలో చక్కగా మొలిచాయి. సంక్రాంతికి జానెడు ఎత్తు వచ్చాయి కానీ ఆకు పాలిపోయి పసుపుగా ఉంది. ఒక మొక్కను మట్టితో సహా పెకలించి నీళ్ళలో కడిగి చూశాం. వేళ్ళు శుభ్రంగా, తెల్లగా ఉన్నాయి. ఒక్క బుడిపె కూడా లేదు.

అపరాల మొక్కల వేళ్ళ మీద ఆవగింజంత, జొన్నగింజంత బుడిపెలు ఉంటాయి. వాటిలో రైజోబియం జాతి బ్యాక్టీరియా కాపురముండి గాలిలోని నత్రజనిని మొక్క తినగలిగే రూపంలోకి మారుస్తుంది. పచ్చిరొట్ట గాలి నుంచి తెచ్చే నత్రజని అంతా ఆ బుడిపెల్లోనే తయారవుతుంది. రెంగెకు ఏ బ్యాక్టీరియా పడితే అది సరిపోదు. దానికి ప్రత్యేకంగా ఒకే రకం కావాలి. అది మన మట్టిలో లేకపోతే మొక్క మొలుస్తుంది, పెరుగుతుంది, కానీ గాలి నుంచి నేలకు తెచ్చిచ్చే నత్రజని ఉండదు. పైగా అది చలిదేశపు మొక్క. శివరాత్రి వెళ్ళి ఎండలు ముదిరేసరికి మడి మొత్తం వడిలిపోయింది.

మేనల్లుడు బాగా దిగులు పడ్డాడు. ఆ సాయంత్రమే వాణ్ణి కొబ్బరి తోటలోకి తీసుకెళ్ళి ఒక వెంపలి మొక్కను గునపంతో జాగ్రత్తగా తవ్వించాను. సగం వేరు లోపలే తెగిపోయింది, అంత లోతుకు దిగి ఉంది. వచ్చిన సగానికే గుత్తులు గుత్తులుగా బుడిపెలున్నాయి. ఒకదాన్ని గోటితో చిదిమాను. లోపల ఎర్రగా, మాంసం ముక్కలా ఉంది. ఆ ఎరుపు ఉందంటే బుడిపె పని చేస్తున్నట్టు. మన ఒంట్లో రక్తానికి రంగునిచ్చే పదార్థానికి చుట్టమైనది అందులో ఉంటుంది. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే అది ఇంకా పని మొదలుపెట్టలేదు, లేదా పనైపోయింది. వెంపలికి కావలసిన బ్యాక్టీరియా మినుము, పెసర, అలసందలకు సరిపోయే కోవలోదే. అపరాలు పండిన మన నేలల్లో అది ఎప్పుడూ ఉంటుంది. ప్యాకెట్ కొని కలపక్కర్లేదు. వాడు ఆ ఎర్రటి బుడిపెను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

ఇక డెల్టా సంగతి. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట 1847లో మొదలై 1852కు పూర్తయింది. కాటన్ దొర చలవ అని ఇవాళ్టికీ మన ఊళ్ళలో ఆయన బొమ్మకు దండ వేస్తారు. దాని స్థానంలో కట్టిన బ్యారేజీ 1982కి పూర్తయింది. తూర్పు, మధ్య, పడమర డెల్టాలు కలిపి సుమారు పది లక్షల ఎకరాలు ఆ నీళ్ళ మీదే బతుకుతున్నాయి. నీళ్ళొచ్చాయి, పంట వచ్చింది, దాళ్వా (వేసవికి కోసే రెండో వరి) విస్తరించింది. ఇంతా కలిసొచ్చినా ఒకటి పోయింది. సార్వాకూ దాళ్వాకూ మధ్య చేనుకు ఊపిరి తీసుకునే ఖాళీ లేదు. దాళ్వా కోసి, గడ్డి ఎత్తి, కాలువలు కట్టేసి, మళ్ళీ నీళ్ళు వదిలేవరకు ఉన్న రెండు నెలలూ మండుటెండలు. పిల్లిపెసరకు చోటు పోయింది, జనుముకు చోటు పోయింది.

మా మావగారు ఉన్నన్నాళ్ళూ ఒక్క అరెకరంలో మాత్రం పాత పద్ధతి మానలేదు. జూన్ నెలాఖరులో, నీళ్ళు పెట్టి చేను బురదగా దున్నే దమ్ముకు ముందు, కావిడి వేసుకుని బయల్దేరేవారు. పుంతల పక్కనా, కాలవ గట్లమీదా, సముద్రం వైపు ఇసుక మెరకల్లోనూ వెంపలి కోసి రెండు పెద్ద మోపులు తెచ్చేవారు. చేలో పరిచి, నీళ్ళు పెట్టి, ఆడవాళ్ళం వరసగా నిలబడి కాళ్ళతో తొక్కేవాళ్ళం. లేత కొమ్మ కాలికింద మెత్తగా దిగుతుంది, ముదురు పుల్ల అరికాల్లో గుచ్చుకుంటుంది. మూడో రోజుకు చేలోంచి వచ్చే ఆ కుళ్ళు వాసన ఇప్పటికీ నాకు ముక్కుకు తగిలినట్టే ఉంటుంది. వాసన తగ్గాక, వారం పది రోజులకు ఊడ్పు. ఆయన పోయాక ఆ పని ఆగిపోయింది. ఆపింది మేమే.

ఇక్కడ ఒక లెక్క నిజాయితీగా చెప్పుకోవాలి. పచ్చిరొట్ట గురించి మాట్లాడేవాళ్ళు చాలామంది యూరియా పూర్తిగా మానేయొచ్చు అన్నట్టు మాట్లాడతారు. అది సరైన మాట కాదు. వెంపలి ఎండు బరువులో నత్రజని 3 శాతం దరిదాపుల్లో ఉంటుంది. టన్ను పచ్చి రొట్ట ఎండితే పావు టన్ను అనుకుంటే, అందులో నత్రజని ఏడు, ఏడున్నర కిలోలు. యూరియాలో నత్రజని 46 శాతం. 45 కిలోల బస్తాలో దాదాపు 21 కిలోలు. అంటే ఒక్క బస్తాకు సరిపడా నత్రజని రావాలంటే మూడు టన్నుల పచ్చి రొట్ట కోసి మోయాలి. నా గట్ల మీద అంత రాదు, మోసే మనుషులూ లేరు. బస్తా 266 రూపాయల 50 పైసలకు దొరుకుతుంటే రైతు దానివైపే చూస్తాడు. అందులో అతని తప్పేమీ లేదు.

మరి ఎందుకు వెయ్యమంటున్నానంటే, యూరియా ఇవ్వనిది ఇంకొకటి ఉంది. మన నల్లమట్టి ఏడాదికి రెండుసార్లు దమ్ములో నలిగి నలిగి, ఎండాకాలం ఇటుకలా గట్టిపడుతోంది. దానిలో కుళ్ళే పదార్థం కలవాలి. మా కొబ్బరి తోటలో ఇసుక కలిసిన మట్టి. అక్కడ పాదులో నీళ్ళు పోస్తే ఇట్టే ఇంకిపోయేవి. నాలుగేళ్ళుగా చెట్ల మధ్య వెంపలి వేసి, కోసి, పాదుల్లో పరుస్తున్నాను. ఇప్పుడు ఆకు కింద చెయ్యి పెడితే మే నెలలో కూడా చల్లగా, చెమ్మగా తగులుతుంది. వానపాములు తిరుగుతున్నాయి. కొబ్బరి కాపు ఎంత పెరిగిందని అడిగితే నేను చెప్పను, ఎందుకంటే ఆ నాలుగేళ్ళలో వానలూ మారాయి, నేను వేసిన ఎరువూ మారింది. మట్టి మారిందని మాత్రం నా చేతికి తెలుస్తోంది.

గట్టు సంగతి ఇంకోటి. గడ్డి మందు కొట్టిన గట్టు వేసవిలో చూడండి, ఎండి నెర్రెలిస్తుంది. తొలకరి పెద్ద వాన పడగానే అంచులు జారి బోదెలోకి, అంటే చేలకు నీళ్ళు పారే చిన్న కాలవలోకి, పోతాయి. మళ్ళీ కూలీలను పెట్టి ఆ మట్టే పైకి తీయించుకుంటాం. వెంపలి వేరు తిన్నగా లోతుకు దిగుతుంది, పక్క వేళ్ళు మట్టిని పట్టుకుంటాయి. కాలువలో నీళ్ళు లేని రెండు నెలలూ అది ఎండకు చావదు. పశువులు దాన్ని అంతగా ముట్టవు కాబట్టి కంచె అక్కర్లేదు. పుంత వెంట రోజూ గేదెలు నడిచే మన ఊళ్ళకు ఇంతకంటే అనువైన మొక్క నాకు తెలియదు.

ఇప్పుడు ఎలా పెంచాలో చెబుతాను. నేను చేసిన తప్పులతో సహా.

మొదటి ఏడాది కాయలు కోసి, గింజ తీసి, వాన పడగానే జల్లేశాను. వందకు పది కూడా మొలవలేదు. గింజ పుచ్చిపోయిందనుకున్నాను. ఆర్నెల్ల తర్వాత అదే చోట మట్టి కదిలిస్తే గింజలు గులకరాళ్ళలా అలాగే ఉన్నాయి. మిల్క్‌వెచ్‌కు మేనల్లుడు గరుకు కాగితం వాడాడని చెప్పాను కదా, వెంపలికీ అదే జబ్బు. తోలు గట్టిది. అడవి మొక్కకు అదొక తెలివి. అన్ని గింజలూ ఒకే వానకు మొలిచి, తర్వాత ఎండకు అన్నీ ఒకేసారి చావకుండా, కొన్ని ఈ ఏడు, కొన్ని పై ఏడు మొలుస్తాయి. మొక్కకు అది మంచిదే. మనకు మాత్రం ఒకేసారి మొలవాలి.

మా అత్తగారు దీనికి రోలు వాడేవారు. గుప్పెడు గింజలు, రెండు గుప్పెళ్ళ గరుకు ఇసుక. రోకలి పైకెత్తి దంచకూడదు, రోట్లోనే ఆనించి గుండ్రంగా తిప్పాలి. ఐదారు నిమిషాలకు గింజ మీది నిగనిగ పోయి మసక బారుతుంది. అదే గుర్తు. అంతకంటే ఎక్కువ తిప్పితే పప్పు బద్దలవుతుంది. రోలు లేనివాళ్ళు వేడినీళ్ళతో చేయొచ్చు. నీళ్ళు 55 డిగ్రీల దగ్గర ఉండాలి, రెండు మూడు నిమిషాలు చాలు. థర్మామీటర్ అక్కర్లేదు. ఒక గ్లాసు మరిగిన నీళ్ళకు రెండు గ్లాసుల కంటే కాస్త తక్కువ చన్నీళ్ళు కలిపితే సుమారు ఆ వేడి వస్తుంది, వేలు పెడితే చురుక్కుమంటుంది. గింజ వేసి, కలిపి, ఆ రెండు మూడు నిమిషాలు కాగానే వంచేసి చన్నీళ్ళలో రాత్రంతా ఉంచండి. పొద్దున్నకు ఉబ్బినవి వేరు, ఉబ్బనివి వేరు కనిపిస్తాయి. ఉబ్బనివాటిని ఇంకోసారి రుద్దండి. మరిగే నీళ్ళు తిన్నగా పోసి గింజ ఉడికించినవాళ్ళను నేను చూశాను.

రెండో ఏడాది తప్పు నారు పోయడం. ఆకుమడి పోసినట్టు పోసి, జానెడయ్యాక పీకి గట్టు మీద నాటాను. పీకేటప్పుడే తల్లివేరు తెగింది. దాదాపు అన్నీ చచ్చిపోయాయి. వెంపలిని ఉన్నచోటే విత్తాలి. మృగశిర కార్తెలో, అంటే జూన్ రెండో వారంలో, ఒక మంచి వాన పడి మట్టి తడిశాక పార మొనతో గట్టు వాలులో గీత గీసి, జానెడుకొకచోట నాలుగేసి గింజలు వేసి, గోరంత మందాన మట్టి కప్పాలి. లోతుగా వేస్తే పైకి రాలేదు. తోటంతా చల్లదలిస్తే ఎకరానికి ఆరు నుంచి ఎనిమిది కిలోల గింజ. మొదటి నెల దాని ఎదుగుదల చూస్తే దిగులేస్తుంది, నాలుగు వేళ్ళ ఎత్తు దాటదు. ఆ నెల్లో పైనున్న తుంగ, గరిక మాత్రం తీసిపెట్టాలి, లేకపోతే కింద పడి నలిగిపోతుంది. రెండో నెల దాటాక దాని సంగతి అది చూసుకుంటుంది.

మూడో ఏడాది తప్పు నీళ్ళు. మెరకే అనుకుని పల్లపు బోదె పక్కన కూడా వేశాను. ఆగస్టులో వారం రోజులు వాన పట్టి అక్కడ మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. నీరు దిగేసరికి మొక్కలు నల్లబడి ఉన్నాయి. వెంపలి ఎండకు తట్టుకుంటుంది, నిలవ నీటికి తట్టుకోదు. పల్లపు చేలకు జీలుగే సరైనది. జీలుగ నీళ్ళలో కూడా నిలబడి పెరుగుతుంది, 45 రోజులకే దున్నేసుకోవచ్చు, విత్తనం సబ్సిడీలో కూడా దొరుకుతుంది. జీలుగ ఉండగా వెంపలి ఎందుకని అడిగేవాళ్ళకు నా జవాబు ఇదే: జీలుగ చేలో వేసుకోండి, వెంపలి మెరకలో వేసుకోండి. చేను ఖాళీ లేనివాడికి గట్టు ఉంది, తోట ఉంది.  వెంపలి అక్కడికి సరిపోతుంది, దానికి ఏటా విత్తనం కొనే పని కూడా ఉండదు.

కోత విషయం. పూత మొదలయ్యే సమయానికి కోయాలి. అప్పటికి కొమ్మ ఇంకా లేతగా వేళ్ళతో తుంపితే తెగేలా ఉంటుంది. ముదిరితే పుల్ల అవుతుంది, అది మట్టిలో నెలల తరబడి కుళ్ళదు. నేల మట్టానికి కోయకండి. ఓ బెత్తెడు మోడు వదిలితే మళ్ళీ చిగురిస్తుంది. గింజ కోసం ప్రతి నాలుగు గజాలకూ రెండు మొక్కలు కోయకుండా వదిలెయ్యండి. అవి కార్తీకం దాటాక కాయ ఎండుతూ వస్తాయి.

పొరుగువాళ్ళు అడిగే ప్రశ్నల్లో గట్టిది ఎలుకల గురించి. గట్టు మీద మొక్కలుంటే ఎలుకలు బొరియలు చేస్తాయి, పాములు చేరతాయి అంటారు. ఆ మాటలో నిజం ఉంది. వరి చేను లోపలి గట్లు సన్నగా, శుభ్రంగా ఉంచుకోవాల్సిందే. అక్కడ వెంపలి వేయమని నేను అనను. మా చేలోనూ లోపలి గట్ల మీద లేదు. పుంత గట్టు, కాలవ గట్టు, బోదె పై అంచు, తోట సరిహద్దు, వీటి గురించే నేను మాట్లాడుతున్నది. అక్కడ కూడా కింద బెత్తెడు ఖాళీగా కనిపించేలా ఏటా ఒకసారి కోస్తే బొరియ కంటికి కనిపిస్తుంది. దట్టంగా పెరిగిన గడ్డిలో అయితే కనిపించదు.

రెండోది చేపల చెరువులున్నవాళ్ళకు. మన డెల్టాలో ఇప్పుడు చేను పక్కనే చెరువు ఉంటోంది. వెంపలిలో, ముఖ్యంగా వేళ్ళలో, చేపలకు మత్తెక్కించే పదార్థాలున్నాయి. ఈ కుటుంబపు మొక్కల్ని దంచి నీళ్ళలో కలిపి చేపలు పట్టడం చాలా దేశాల్లో ఉంది. చెరువు గట్టు మీద వెంపలి వేయకండి, కోసిన రొట్ట చెరువులోకో, చెరువుకు నీళ్ళు పోయే బోదెలోకో పడనీయకండి. ఇది నేను గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే వెంపలిని మెచ్చుకునే వ్యాసాల్లో ఈ ముక్క కనిపించదు.

మందు సంగతి కూడా. ఆయుర్వేదంలో దీనికి ప్లీహశత్రు అని పేరు. కాలేయం, ప్లీహం జబ్బులకు వాడతారు. ఊళ్ళో కామెర్లు అనగానే వెంపలి వేరు నూరి ఇచ్చేవాళ్ళు ఉండేవారు. నేను మొక్క పెంచుతున్నానని తెలిసి వేరు అడగడానికి వస్తున్నారు. ఇవ్వను. కామెర్లకు కారణాలు చాలా ఉంటాయి, రక్తపరీక్ష చేయించి డాక్టరు దగ్గరకు వెళ్ళమని చెప్పి పంపిస్తాను. మోతాదు తెలియని చేతుల్లో, చేపను పడేసే గుణమున్న వేరును నేను పెట్టలేను. పొడి చేసి సీసాల్లో అమ్మేవాళ్ళ వల్ల కాదు, మట్టిలో అది చేసే పని వల్ల వెంపలికి విలువ రావాలని నా కోరిక.

పోయిన పుష్యమాసంలో కాయలు కోశాను. కాయ పూర్తిగా ఎండితే చెట్టు మీదే మెలితిరిగి పగిలి గింజ చిమ్మేస్తుంది. అందుకని గోధుమ రంగులోకి తిరుగుతుండగానే పొద్దున్న మంచులో కోయాలి. అరుగు మీద చాప వేసి, కాయలు పరిచి, పైన పాత చీర కప్పాను. ఎండెక్కేసరికి చీర కింద చిటపటమని మొదలైంది. మధ్యాహ్నం దాకా ఆగకుండా ఆ చప్పుడే. సాయంత్రం చీర తీసి, తొక్కలు చేటతో చెరిగితే సోలెడు గింజలు వచ్చాయి. బూడిద గోధుమ రంగులో, మచ్చలతో, చిన్న చిన్న మూత్రపిండాల ఆకారంలో. వేపాకు వేసి సీసాలో పెట్టాను.

పక్క చేను కుర్రాడు ఆ మే నెల పొద్దున్న ఆ ఇరవై గజాలూ వదిలేసి వెళ్ళాడు. తొలకరికి అతని వైపు గట్టు రెండు చోట్ల జారింది, మా వైపు జారలేదు. ఒక్క ఏడు చూసి నేను దాన్ని రుజువు అనను. కానీ అతను చూశాడు. జూన్ రెండో వారంలో ఒక సాయంత్రం అరుగు దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

“పిన్నిగారూ, ఆ గింజలు గుప్పెడు ఉంటాయాండి?”

సీసా తీసి, గింజలు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాను. రోలు పెరట్లో ఉంది, ఇసుక పక్కనే ఉంది. ఇంటికి తీసుకెళ్ళి రుద్దుకుంటాడేమో అనుకున్నాను. అతను చెప్పులు విప్పి పెరట్లోకే వచ్చాడు. రోటి ముందు కూర్చుని, ఎంతసేపు తిప్పాలో చెప్పమన్నాడు.